ఊరమ్మ కథ ఎవరి చేతిలో ఉంది?
కృష్ణా డెల్టా అమ్మవార్లపై ఒక సమీక్ష

కృష్ణా డెల్టాలో బడి లేని ఊళ్ళు ఒకప్పుడు చాలా ఉండేవి. అమ్మవారు లేని ఊరు మాత్రం ఏనాడూ లేదు. అయితే ఆ అమ్మవారు ఎవరు, ఎందుకు వెలిసింది అని అడిగితే ఒకే ఊళ్ళో మూడు జవాబులు వస్తాయి. గుడి గోడకు వేలాడే బోర్డు ఆమెను దుర్గాదేవి అంశ అంటుంది. కొలుపులో జమిడిక వాయించే బైండ్ల కళాకారుడు ఆదిశక్తి గుడ్డు పెట్టి త్రిమూర్తులను పొదిగిన కథ దగ్గర మొదలుపెడతాడు. ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళను కదిపితే, ఆమె తమ ఊరి ఆడపడుచేననీ, అన్యాయంగా ప్రాణం పోగొట్టుకుందనీ చెబుతారు. ఈ మూడు కథల్లో ఏది నిలుస్తోంది, ఏది జారిపోతోంది అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

ఈ ప్రశ్న అడగడానికి గుణదల మంచి చోటు. బెజవాడలో ఒక పక్క ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ, మరో పక్క గుణదల కొండ మీద మరియమాత. రెండు కొండల మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లకు మించదు. రెండుచోట్లా జనం తలనీలాలిస్తారు, రెండుచోట్లా కొబ్బరికాయ కొడతారు, రెండుచోట్లా ‘అమ్మా’ అనే పిలుస్తారు. అటు శాస్త్రోక్తమైన శక్తి ఆరాధన, ఇటు రోమన్ కాథలిక్ సంప్రదాయం. ఈ రెండింటికీ అడుగున ఉన్నది డెల్టా జనానికి తరతరాలుగా అలవాటైన అమ్మ కొలుపు.

రాసినవాళ్ళు ఎవరు?

గ్రామదేవతల గురించి మనకున్న రాతల్లో పాతవి కావ్యాలు. 15వ శతాబ్దపు వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లోని ఏకవీర, కాకతమ్మ, మైలారుదేవుడు కనిపిస్తారు. పల్నాటి వీరుల కథను పాడి వినిపించే దృశ్యమూ అందులో ఉంది. ఆ కవికి ఇవి నగర వినోదాల్లో భాగం. పరిశోధించాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. అయినా సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు ఇలాంటి కావ్యాలే ఆయనకు సామగ్రి అయ్యాయి.

రెండో దశ కైఫీయతులది. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు 1800కు అటూ ఇటూ కాలంలో ఊరూరా కరణాల నోట, కవిలెల నుంచి సేకరించిన గ్రామ వృత్తాంతాలివి. ఏ గుడికి ఎంత మాన్యం, ఏ రాజు ఇచ్చాడు, ఎవరు అనుభవిస్తున్నారు అన్నవి వీటిలో ప్రధానం. మాన్యం ఉన్న దేవుడికి కైఫీయతులో చోటు దక్కింది. వేపచెట్టు కింద రాయిగా ఉన్న పోలేరమ్మకు మాన్యం లేదు, కనుక చాలాచోట్ల ఆమెకు పేరూ లేదు.

మూడో దశలో కలం క్రైస్తవ మిషనరీల చేతికి వెళ్ళింది. మద్రాసు ఆంగ్లికన్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతలపై రాసిన పుస్తకం 1916లో వచ్చింది. నెల్లూరు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో పనిచేసిన విల్బర్ ఎల్మోర్ అంతకు కాస్త ముందే ఇదే విషయం మీద పరిశోధన చేశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన కులాలు, తెగల గ్రంథంలోనూ అమ్మ కొలుపులో పాలుపంచుకునే ఆసాదులు, పంబలవారు, మాతంగుల ప్రస్తావనలున్నాయి. వైట్‌హెడ్ తేల్చిన లక్షణాలు మూడు: ఈ దేవతలు దాదాపు అందరూ స్త్రీలు, వారికి జంతుబలి ఇస్తారు, పూజారులు బ్రాహ్మణులు కారు. వందేళ్ళు దాటినా పరిశోధకులు చర్చను ఈ మూడు లక్షణాల దగ్గరే మొదలుపెడుతున్నారు.

వైట్‌హెడ్, ఎల్మోర్ కళ్ళతో చూసింది శ్రద్ధగా రాశారు. దున్నపోతు తల నరికాక కుడి ముంగాలు దాని నోట్లో పెట్టడం, తల మీద దీపం వెలిగించడం, నెత్తురన్నం పొలిమేర పొడవునా చల్లడం వంటి వివరాలు అంత నిశితంగా అంతకుముందు ఎవరూ రాయలేదు. కానీ వారి దృష్టిలో ఇది తొలగిపోవలసిన మతం. భయం, నెత్తురు, రోగం బాగా కనిపించాయి. అమ్మ పాట, అమ్మతో ఆడవాళ్ళ చనువు, పంట ఇంటికొచ్చిన సంబరం తక్కువగా కనిపించాయి.

నాలుగో దశ మన జానపద పరిశోధకులది. బిరుదురాజు రామరాజు 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యం వెలువరించి ఈ రంగానికి విశ్వవిద్యాలయంలో గౌరవం తెచ్చారు. నాయని కృష్ణకుమారి గేయగాథల మీద పనిచేశారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ పల్నాటి వీరుల కథను గాయకుడి నోట రికార్డు చేసి 1982లో గ్రంథంగా తెచ్చారు. ఆ కథలో గ్రామదేవత అంకమ్మ ఎంత లోతుగా అల్లుకుని ఉందో దానితో బయటి ప్రపంచానికి తెలిసింది. ఈ దశలో తొలిసారి గాయకుడే సాక్షి అయ్యాడు. అయితే పల్నాడుకు దక్కినంత శ్రద్ధ డెల్టాకు దక్కలేదు.

ఎంత పాతవాళ్ళు?

ఈ అమ్మవార్లు ఆర్యులకు ముందటి ద్రావిడ దేవతలని, పైనున్న ఆర్య రూపం తర్వాత పూసిన పూత అని మిషనరీ రచయితల వాదం. ఆకర్షణీయమైన వాదమే కానీ, శాసనాలు అంత సూటిగా దానికి సాక్ష్యం చెప్పవు.

గుంటూరు జిల్లా చేబ్రోలులో దొరికిన ఒక సంస్కృత శాసనాన్ని 2019లో పురావస్తు శాఖ శాసన విభాగం వెలుగులోకి తెచ్చింది. శాతవాహన రాజు విజయుడి కాలానిది, సా.శ. 207 నాటిది. కార్తికుడనే వ్యక్తి తాంబ్రాపె అనే ఊళ్ళో, అంటే నేటి చేబ్రోలులోనే, భగవతి శక్తిమాతృక ఆలయం దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహాలు ప్రతిష్ఠించాడని అందులో ఉంది. సప్తమాతృకల ఆరాధనకు ఇంతవరకు దొరికిన శాసనాధారాల్లో ఇదే తొలిదని శాసన నిపుణులు ప్రకటించారు. ఆ తర్వాత నాగార్జునకొండలో బౌద్ధ ఆరామాల సరసనే పిల్లల దేవత హారీతికి గుడి కట్టారు. అక్కడే దొరికిన తలలేని మాతృమూర్తి శిల్పం మీద ఇక్ష్వాకు రాజు ఎహువుల శాంతమూలుని రాణి ఖండువుల పేరు చెక్కి ఉంది. నేడు ఆ మూర్తిని లజ్జాగౌరి అంటున్నాం.

కాబట్టి 1,800 ఏళ్ళ కిందటే ఈ నేలలో తల్లిదేవతకు సంస్కృత శాసనం ఉంది, రాణిగారి ప్రతిష్ఠ ఉంది, బౌద్ధుల పంచన చోటూ ఉంది. ‘అసలు ద్రావిడ అమ్మ, పైన ఆర్య పూత’ అనే విభజన డెల్టా చరిత్రకు సరిపోదు. ఆనాడే ఇచ్చిపుచ్చుకోవడాలు జరిగాయి. పోలేరమ్మ రాయి ఏ శతాబ్దానిదో మాత్రం ఏ శాసనమూ చెప్పదు. శాసనం వేయించే స్తోమత ఉన్నవాళ్ళ అమ్మలకే తేదీలున్నాయి.

నాలుగు తీరుల అమ్మలు

డెల్టా అమ్మవార్లను వారి కథలను బట్టి నాలుగు తీరులుగా చూడవచ్చు. ఒకే అమ్మ రెండు తీరుల్లోనూ ఉండవచ్చు.

మొదటిది పొలిమేర అమ్మ. పోలేరమ్మ, అంకమ్మ, గంగానమ్మ, ముత్యాలమ్మ పేర్లతో ఊరి అంచున ఉంటుంది. అన్న అనో తమ్ముడు అనో పిలిచే పోతురాజు ఎదుటే నిలబడి ఉంటాడు. మశూచి, గత్తర, పశువుల రోగాలు ఈమె ఏలుబడి. మశూచికి ‘అమ్మవారు పోసింది’ అన్న మాటే వాడుక. రోగం రావడం అమ్మ రావడమే, తగ్గడం అమ్మ దిగిపోవడమే. రోగిని వేపాకు పరుపు మీద పడుకోబెట్టి, చల్లని పదార్థాలు పెట్టి, ఇంటికి బయటివారిని రానీయకపోవడం ఆచారంగా సాగింది. అంటురోగానికి ఎడం పాటించడం ఆ ఆచారంలోనే ఇమిడి ఉంది.

రెండోది పేరంటాలు. బతికి చనిపోయిన ఆడమనిషి. డెల్టాలో, దాని ఎగువ అంచున ఈ తీరు బాగా కనిపిస్తుంది. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ ఉంది. భర్త గోపయ్య అడవికి పశువులను తోలుకుపోయి పులి వాత పడ్డాడు, ఆమె అగ్నిలో ప్రవేశించింది అని కథ. ఉయ్యూరు వీరమ్మది మరింత కఠినమైన కథ. భర్త చింతయ్య హత్యకు గురయ్యాడు, ఆమె సహగమనం చేసింది. వెల్చేరు నారాయణరావు 1986లో ఆరు తెలుగు జానపద వీరగాథలపై రాసిన వ్యాసంలో, భూమి గల కులాల కథల్లో మగవాళ్ళు యుద్ధంలో చస్తారనీ, వర్తక కులాల కథల్లో ఆడవాళ్ళు ఆత్మబలిదానంతో దేవతలవుతారనీ చూపించారు. పెనుగొండ కన్యకమ్మ కథకు ఈ సూత్రం చక్కగా అతుకుతుంది. తిరుపతమ్మ, వీరమ్మ సేద్యగాళ్ళ, పశువుల కాపరుల లోకానికి చెందినవాళ్ళు. అంటే ఆత్మబలి కథ వర్తకుల ఇళ్ళు దాటి పొలాల్లోకీ వచ్చింది. డెల్టా కథలు ఆ సూత్రాన్ని కొట్టెయ్యవు కానీ, దానికి సవరణ కోరతాయి.

మూడోది నీటి అమ్మ. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ కొల్లేరుకే దేవత. ఏటా ఫాల్గుణంలో జలదుర్గగా ఆమెకూ గోకర్ణేశ్వరుడికీ పెళ్ళి చేస్తారు, లంక గ్రామాల జనం చుట్టాల పెళ్ళికి వచ్చినట్టు వస్తారు. ఈ కొల్లేటికే మరో కథ ఉంది. గజపతుల కోటను పట్టడానికి వచ్చిన సేనాని సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేందుకు ఉప్పుటేరు వైపు కాలువ తవ్వించి, పని నెరవేరాలని కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. ఆ కాలువకు పేరంటాళ్ళ కనుమ అని పేరు పడింది. ఈ చిన్న కథలో బలి, నీళ్ళు, రాజ్యం, ఆడపిల్ల అన్నీ ఒక్కచోట ఉన్నాయి. కానీ ఆ పిల్ల పేరు కథలో లేదు.

నాలుగోది కొండ అమ్మ. ఇంద్రకీలాద్రి కనకదుర్గ. ఉగ్రరూపంలో ఉన్న అమ్మను ఆదిశంకరులు శ్రీచక్రం ప్రతిష్ఠించి శాంతింపజేశారని ఆలయ సంప్రదాయం. పల్లె జనం నోట వేరే కథ ఉంది. కృష్ణమ్మ దారి ఇమ్మని అడిగి, దుర్గమ్మ ముక్కుపుడక అరువు తీసుకుందట. కృష్ణ నీళ్ళు దుర్గమ్మ ముక్కు దాకా చేరిన రోజున కలియుగం ఆఖరట. మొదటి కథలో అమ్మను అదుపు చేసినవాడు ఆచార్యుడు. రెండో కథలో ఇద్దరు ఆడవాళ్ళు ఇచ్చిపుచ్చుకున్నారు, మధ్యలో మగవాడి ప్రమేయం లేదు.

కొలుపు దగ్గరగా

కొలుపు అంటే పూజ ఒక్కటే కాదు, ఊరంతటికీ పని పంచడం. ముందు చాటింపు వేస్తారు. బొడ్రాయికి నీళ్ళు పోసి, పసుపు పూసి, వేపమండలు కడతారు. కొలుపు అయ్యేదాకా ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదు, ఆడపడుచులు పుట్టింటికి రావాలి. ఇంటింటి నుంచీ అంబలి, చద్దన్నం, చలిమిడి, పొంగళ్ళు కదులుతాయి. కుమ్మరి ఘటం తెస్తాడు, చాకలి దివిటీ పడతాడు, పంబలవారు పంబ జోడు వాయిస్తారు, ఆసాది అమ్మ కథ పాడతాడు. పాత పద్ధతిలో అర్ధరాత్రి బలి. ఆ నెత్తురు కలిపిన అన్నం, అంటే పొలి, పట్టుకుని కొందరు ఊరి హద్దు వెంట చీకట్లో పరుగెత్తుతూ చల్లుతారు. పొరుగూరివాళ్ళు ఆ రాత్రి కర్రలతో తమ పొలిమేర కాసేవారు. పొలిలో ఒక్క మెతుకు తమ హద్దులో పడినా రోగం తమ ఊరికి వస్తుందని భయం.

ఈ పనిలో ఎవరి వాటా ఏమిటన్నది కులం నిర్ణయించింది. బలిపశువును నరకడం, పొలి మోయడం, డప్పు కొట్టడం మాల మాదిగల మీద పడింది. అమ్మకు అంకితమైన మాతంగి పూనకంలో అగ్రకులాల వారి మీద ఉమ్మేది, తిట్టేది. ఆ ఒక్క పూట ఎవరూ నోరెత్తేవారు కాదు. మర్నాటి నుంచి మళ్ళీ మామూలే. దీన్ని తిరుగుబాటు అన్నవారున్నారు, ఏడాదికోసారి ఆవిరి వదిలే ఏర్పాటు అన్నవారూ ఉన్నారు. మాతంగిగా, జోగినిగా అంకితమైన ఆడపిల్లల జీవితాలు చూస్తే రెండో మాటే నిజానికి దగ్గర. 1988లో రాష్ట్రం ఆ అంకితాన్ని చట్టంతో నిషేధించింది. పాత కొలుపును తలచుకుని మురిసిపోయేవారు ఈ సంగతి పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఏం మారింది?

జంతుబలికి తొలి దెబ్బ చట్టం నుంచి వచ్చింది. 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం తర్వాత దేవాదాయ శాఖ అజమాయిషీలోకి వెళ్ళిన గుళ్ళ ముందు నుంచి బలి తప్పుకుంది. చాలాచోట్ల గుమ్మడికాయ, నిమ్మకాయ ఆ స్థానంలోకి వచ్చాయి. మొక్కు కోళ్ళు, పొట్టేళ్ళు గుడి ముందు నుంచి తప్పుకుని చెట్ల కింద వంటల్లోకి చేరాయి. వీపులో కొక్కెం గుచ్చి మనిషిని తిప్పే శిడిని బ్రిటిష్ కాలంలోనే అణచివేశారు. ఉయ్యూరు తిరునాళ్ళలో ఇప్పుడు శిడిబండి మీద బుట్టలో పెళ్ళికొడుకు వేషంలో కుర్రవాణ్ణి కూర్చోబెడతారు, జనం అరటిపండ్లు విసురుతారు. కొక్కెం పోయింది, బండి మిగిలింది.

రెండో మార్పు రోగం నుంచి వచ్చింది. మన దేశంలో మశూచి 1975తో ఆఖరు. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమ్మీద నుంచే అది పోయిందని ప్రకటించింది. రోగం పోతే దేవత కూడా పోవాలని వాదించేవారికి పోలేరమ్మ నిరాశ కలిగించింది. ఆమె గుడికి సిమెంటు పడింది, పిల్లల చదువు, వీసా, ఇంటి స్థలం మొక్కుల జాబితాలో చేరాయి. రోగం మీద పెత్తనం పోయినా ఊరి మీద పెత్తనం నిలిచింది.

మూడో మార్పు కథ నుంచి వచ్చింది. లోతైనదీ, తక్కువగా గమనించినదీ ఇదే. ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో సంస్కృతీకరణ అని పేరు పెట్టిన ప్రక్రియ డెల్టాలో గుడి రూపంలో జరిగింది. రాయి స్థానంలో నాలుగు చేతుల విగ్రహం, ఆసాది స్థానంలో అర్చకుడు, కొలుపు స్థానంలో కుంకుమార్చన, ఊరి కథ స్థానంలో స్థలపురాణం. తిరుపతమ్మ లక్ష్మీ తిరుపతమ్మ అయింది. కంచ ఐలయ్య 1996లో రాసిన పుస్తకంలో పోచమ్మ వంటి దేవతలు శ్రామిక కులాల స్వతంత్ర దైవాలనీ, వారితో భక్తులకు పూజారి మధ్యవర్తిత్వం అక్కర్లేదనీ వాదించారు. ఆ వాదం బలమైనది. కాకపోతే చేబ్రోలు శాసనం వంటివి ఎదురైనప్పుడు, ఈ కలయిక పై కులాల కుట్ర ఒక్కటే అనలేం. ఊరివాళ్ళే చందాలేసుకుని, తమ అమ్మకు పెద్ద గుడి కావాలని కోరి, అర్చకుణ్ణి పిలిపించుకున్న సందర్భాలు కోకొల్లలు. గౌరవం కోరడం తప్పు కాదు. ఆ గౌరవానికి చెల్లించిన ధర అమ్మ సొంత కథ.

అన్నిచోట్లా అలా జరగలేదు. పెనుగంచిప్రోలులో రెండేళ్ళకోసారి రంగుల ఉత్సవం జరుగుతుంది. తిరుపతమ్మ, గోపయ్య, సహదేవతల కొయ్య విగ్రహాలను బండ్ల మీద జగ్గయ్యపేట తీసుకువెళ్ళి, అక్కడ కొత్త రంగులు వేయించి, ఊళ్ళ మీదుగా ఊరేగిస్తూ తిరిగి తెస్తారు. దేవతను కొయ్యగా, రంగు వెలిసే వస్తువుగా, రంగు వేసే చేతి మీద ఆధారపడినదిగా ఒప్పుకునే ఈ ఆచారం పేరు ముందు ‘లక్ష్మీ’ చేరాక కూడా చెక్కుచెదరలేదు. పేరు మారినంత తేలిగ్గా ఆచారం మారదనడానికి ఇదొక మంచి సాక్ష్యం.

గుణదల ఏం చెబుతుంది?

1924లో గుణదల సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం రెక్టరుగా ఉన్న ఫాదర్ ఆర్లాటి కొండ మీద మరియమాత విగ్రహం నెలకొల్పారు. బెజవాడ 1937లో కాథలిక్ మేత్రాసనమైంది. కొండ దిగువన ఇప్పుడున్న చర్చి 1971 నాటిది. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మాత దర్శనమిచ్చిందని కాథలిక్కులు నమ్మే ఫిబ్రవరి 11 ఇక్కడి పండుగ. 9 నుంచి మూడు రోజులూ ఏలూరు రోడ్డు జనంతో నిండిపోతుంది.

ఆ మూడు రోజులూ క్యూలో నిలబడేవారిలో బాప్తిస్మం తీసుకోనివాళ్ళు పెద్ద సంఖ్యలో ఉంటారు. బొట్టు పెట్టుకున్న తల్లి బిడ్డకు గుండు చేయించి, చేతిలో కొవ్వొత్తి, సంచిలో కొబ్బరికాయతో మెట్లెక్కుతుంది. గుహలో మాతకు మొక్కి, ఓపిక ఉంటే కొండ కొమ్మున శిలువ దాకా వెళుతుంది. లూర్దులో తలనీలాలు లేవు, కొబ్బరికాయలూ లేవు. అవి డెల్టావి. జనం వీటిని తిరునాళ్ళు అనే అంటారు.

దీనికి రెండు వ్యాఖ్యానాలున్నాయి. పాత నమ్మకమే కొత్త విగ్రహం ముందు సాగుతోందనేది ఒకటి. మిషనరీలే కావాలని స్థానిక ఆచారాన్ని అనుకరించి జనాన్ని ఆకట్టుకున్నారనేది రెండోది. రెండూ భక్తురాలిని అమాయకురాలి కిందే జమకడతాయి. ఆమెకు తాను ఎవరి దగ్గరికి వెళుతోందో తెలుసు. మరియమ్మ దుర్గమ్మ కాదనీ తెలుసు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కడుపుకోత ఏమిటో మరియమ్మకు తెలుసనీ, తన మొర వింటుందనీ ఆమె లెక్క. పేరంటాలు తీరు అమ్మలకు అలవాటుపడిన నేల మరియను పరాయిదిగా చూడకపోవడంలో వింత లేదు. మరియ కూడా బతికిన ఆడమనిషే, కష్టం చూసిన మనిషే.

సముద్రం అవతల

ఇదే కథ ఇంకో దారిలో నడిచిన దేశం ఒకటుంది. ఫిలిప్పీన్స్. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ పాలనలో ఉండి కాథలిక్ దేశమైంది. అంతకుముందు అక్కడ ప్రతి కొండకూ వాగుకూ అనితోలు, దివాతాలు అనే దేవతలు ఉండేవారు. తగాలోగ్ జనానికి సృష్టికర్త బాతాలా. విసాయా దీవుల్లో అగ్నిపర్వతంలో కాపురముండే లాలాహోన్‌కు పంటల కోసం మొక్కేవారు, కోపమొస్తే ఆమె మిడతల దండును పంపుతుందని భయపడేవారు. పూజ చేసేది బాబాయ్‌లాన్‌లు, ఎక్కువమంది ఆడవాళ్ళు.

ఇవన్నీ మనకెలా తెలుసు? 1582లో స్పానిష్ వలసదారు లోవార్కా, 1589లో ఫ్రాన్సిస్కన్ సన్యాసి ప్లాసెన్సియా వంటివారు రాసిపెట్టినందువల్ల. విగ్రహాలను తగలబెట్టిన పక్షమే వాటి పేర్లనూ రాసింది. 1621లో బోహోల్ దీవిలో తంబ్లోత్ అనే పూజారి పాత దేవతల పేరుతో తిరుగుబాటు చేస్తే సైన్యంతో అణచివేశారు. ఇప్పుడు అక్కడి పిల్లలు చదివే బాతాలా కుటుంబ కథలు, చంద్రదేవత మయారీతో సహా, హొకానో 1969లో తెచ్చిన సంకలనం వంటి ఆధునిక పుస్తకాల ద్వారా ప్రచారంలోకి వచ్చినవి. పాడే గొంతులు చాలాచోట్ల ముందే ఆగిపోవడంతో ఏది పాతది, ఏది తర్వాత అల్లింది అని తేల్చడం కష్టమైంది. ఎత్తయిన ఇఫుగావో కొండల్లో మాత్రం హుద్‌హుద్ గానం, ధాన్యపు గాదెల్లో కాపలా ఉండే బులుల్ కొయ్యబొమ్మలు నిలిచాయి.

అక్కడా భక్తి ఆగలేదు. 1521లో మాగెల్లాన్ సెబూ రాణికి బహూకరించిన బాలయేసు బొమ్మ 1565లో స్పానిష్ సైనికులకు తగలబడిన ఇంట్లో దొరికింది. మధ్యలో నలభైనాలుగేళ్ళు స్థానికులు దాన్ని తమ పద్ధతిలో కొలుచుకున్నారని చెబుతారు. ఆంతిపోలో మరియమాత దగ్గరికి యాత్రలు నేటికీ సాగుతున్నాయి. మొక్కే అలవాటు బతికింది, మొక్కిన పాత దేవతల కథలు ముక్కలయ్యాయి.

మన పరిస్థితి దీనికి తలకిందులు. ఇక్కడ అమ్మవారు బతికే ఉంది, గుడి పెరిగింది, తిరునాళ్ళు ఏటేటా పెద్దవవుతున్నాయి. ఎవరూ విగ్రహాలు తగలబెట్టలేదు. అయినా కథ జారిపోతోంది. ఫిలిప్పీన్స్‌లో పరాయి మతం చేసిన పనిని ఇక్కడ మన సొంత గౌరవమే నెమ్మదిగా చేస్తోంది.

తేలిందేమిటి?

ఇంతవరకు వచ్చిన పనిని కలిపి చూస్తే కొన్ని సంగతులు స్థిరంగా చెప్పవచ్చు. డెల్టాలో తల్లిదేవత ఆరాధనకు 1,800 ఏళ్ళకు తగ్గని ఆధారం ఉంది. ఆ ఆరాధన ఏనాడూ ఒకే మతం గోడల మధ్య లేదు. బౌద్ధం పక్కన, శైవం కింద, చర్చి మెట్ల మీద కూడా అది చోటు చేసుకుంది. రోగం పోయినా, బలి పోయినా అమ్మ పోలేదు. అమ్మల్లో చాలామంది ఊరి చరిత్రలో అన్యాయమైపోయిన ఆడవాళ్ళు. వారి కథే ఊరు తన తప్పును గుర్తుపెట్టుకునే పద్ధతి. వీరమ్మ కథలో హత్య ఉంది. ఆమెను పార్వతి అంశ అన్న మరుక్షణం హంతకుడు కథలోంచి తప్పించుకుంటాడు. స్థలపురాణం వల్ల జరిగే నష్టం ఇది.

జరగాల్సిన పని పెద్దదేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట గుర్రాలూ తాటాకులూ తప్ప ఏమీ లేని రోజుల్లో కావలి సోదరులు ఊరూరి కైఫీయతు రాయించారు. ఈరోజు ప్రతి ఊళ్ళో, ప్రతి చేతిలో రికార్డు చేసే ఫోను ఉంది. ఊరి హైస్కూలు తెలుగు మాస్టారు, డిగ్రీ కాలేజీ చరిత్ర విభాగం, గుడి కమిటీ తలచుకుంటే ఒక కొలుపు సీజన్లో ఒక మండలం కథలన్నీ చేరతాయి. ఆసాది పాట పూర్తిగా, పాడినవారి పేరుతో, వారికి తగిన పారితోషికంతో రికార్డు కావాలి. ఊరి పెద్ద ఆడవాళ్ళు చెప్పే కథ వారి మాటల్లోనే రావాలి. కులాల వాటాలు, అవమానాలు దాచకుండా నమోదు కావాలి. గుడి గోడ మీద దుర్గ అంశ అని రాసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ బోర్డు పక్కనే ఆమె ఎవరి కూతురో, ఎలా చనిపోయిందో ఊరివాళ్ళు చెప్పుకునే కథకూ ఇంకో బోర్డు పెట్టండి. ఈ ఏడు కొలుపు చాటింపు వేసేలోపే ఆ పని మొదలుపెట్టండి.